బోరు పైపుకు కట్టిన పచ్చ తీగ

పోయిన నెల మా బావ కంటి ఆపరేషను చేయించుకుని వారం రోజులు అనంతపురంలో మా ఇంట్లో ఉన్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, కదిరిలో ఆటో నడుపుతాడు. మా కాలనీకి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఎండలు ముదిరితే ఆ భరోసా కూడా ఉండదు. అలాంటి చోట నేను పొద్దున్నే ఒక చెంబెడు నీళ్లు తెచ్చి మెట్ల పక్కనున్న మూరెడు సిమెంటు గుంతలో పోస్తాను. రిటైరయ్యాక నాకు కొంచెం మతి తప్పిందని ఎదురింటావిడ నమ్మకం. ఆవిడ మర్యాదస్తురాలు కనక ఆ మాట నాతో అనదు, మా పనమ్మాయితో అంటుంది. ఆ రోజు బావ నల్లకళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నీళ్ల చప్పుడు విని తల తిప్పి, "ఏం మే, చెట్టు ల్యాని పాదికి నీళ్లు పోస్తాండావు?" అన్నాడు.

"ఎర్తు గుంత బావా. తడి ఆరిపోతే పన్జేయదు" అన్నాను. ఆయన గుంత వైపు తల వంచి, "మనూరింట్లో యాడుండె ఇది?" అని అడిగాడు. ఊరికే, కాలక్షేపానికి అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని నేను పదకొండేళ్లుగా భయపడుతూ వచ్చాను. "కాఫీ తాగినాక చెప్తా" అని లోపలికి వెళ్లి, పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. బావ వాళ్లమ్మ, మా అత్త, మా ఊరింట్లో ఫ్రిజ్జు తలుపు పట్టుకుని చనిపోయింది. ఆ ఫ్రిజ్జు కొని తెచ్చినవాడు బావ. తన తల్లిని తానే చంపుకున్నానని ఆయన నమ్మకం. అలా జరగలేదని తెలిసినవాళ్లు ఒకప్పుడు ఇద్దరం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మా అత్త ఇల్లు కంబదూరు దగ్గర ఒక పల్లెలో. ఆ ఊరి స్కూలుకు నాకు బదిలీ అయినప్పుడు రెండు నెలలు ఉందామని వెళ్లి, ఏళ్ల తరబడి ఉండిపోయాను. మా అత్తకు భర్త పోయాడు, కొడుకు కదిరిలో ఉన్నాడు, నాకేమో పెళ్లి కుదరలేదు, ఇద్దరికీ ఒకరు కావాలి. మనిషి పొట్టి, గొంతు పెద్ద. సంగటి కెలికేటప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, మాట్లాడితే గరిటె మన వైపు తిరిగేది. నల్లబండలు పరిచిన రెండు గదుల ఇల్లు, వెనక వంటిల్లు, దాని వెనక పెరడు, పెరట్లో బోరు. బోరు వేసినప్పుడు పడ్డ నీళ్లను చూసి ఊరంతా కుళ్లుకున్నదని మా అత్త గర్వంగా చెప్పేది. నేను వెళ్లేసరికి అది గంట పోసి గంట ఆగే స్థితికి వచ్చింది, అయినా గర్వం తగ్గలేదు. ఇంట్లో చెప్పులు వేసుకోవడం ఆమె దృష్టిలో మహాపాపం. వంటింట్లో దేవుడి గూడు ఉండేది కాబట్టి అక్కడ ఆ పాపం రెట్టింపు.

ఆ ఇంటికి కరెంటు పని చేసినాయన మా వీధి చివర మోటార్లు వైండింగు చేసే సాయిబు. మా అత్త ఆయన్ను అన్నా అనేది, నేను మామా అనేదాన్ని. లెక్క ప్రకారం ఆ రెండు వరసలూ కుదరవు గానీ వీధి వరసలను ఎవరు లెక్కేస్తారు. మామ చేతులకు ఎప్పుడూ వార్నీషు వాసన, చెవి మీద ఎప్పుడూ ఒక టెస్టరు. ఫ్యూజు పోయినప్పుడల్లా మా అత్త దొరికిన తీగ ఏదైనా సరే మడిచి దోపేది. ఒకసారి పూలు కట్టే తీగ కూడా దోపింది. దాన్ని చూసి మామ తల పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. మా ఇంటికి ఎర్తు ఎలా ఇవ్వాలన్న దగ్గర ఆయన ఒక ఉపాయం చేశాడు. మా నేలలో గుంత తీసి బొగ్గులూ ఉప్పూ వేసి పూడ్చినా, దాన్ని తడిపేవాళ్లెవరు? తాగడానికే బిందెలు లెక్కపెట్టుకునే ఊరు. అందుకని పెరట్లో బోరుకు దించిన ఇనుప కేసింగు పైపు ఉంది కదా, అది తడి దాకా దిగి ఉంది కదా అని, ఇంటి ఎర్తు తీగను తెచ్చి దానికే బిగించాడు. మా ఊళ్లో చాలా ఇళ్లకు అలాగే ఉండేది.

ఆ రోజు నన్ను పెరట్లోకి పిలిచి ఆ పచ్చ తీగ చూపించాడు. "చూడు టీచరమ్మా. కరెంటు దారి తప్పితే ఈ తీగ పట్టుకోని భూమిలోకి పోతాది. ఇది ల్యాకుంటే మనిషిని పట్టుకోని పోతాది. ఈ పైపు యెప్పుడన్నా పెరికితిరా, ఆపొద్దే నాకు చెప్పల్ల. మీ యత్తకు చెప్తే మర్సిపోతాది, మీ బావకు చెప్తే ఇనడు. నువ్వు సదువుకున్నదానివి, నీకు చెప్తాండా" అన్నాడు. నేను తల ఊపాను. నాకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. నేను చెప్పేది ఫిజికల్ సైన్సు. నిలువుగా ఒక గీత, దాని కింద అడ్డంగా మూడు గీతలు, ఒకదానికంటే ఒకటి పొట్టిగా. ఎర్తు గుర్తును ఏటా పదో తరగతికి బోర్డు మీద గీసి, ప్రశ్న తప్పకుండా వస్తుంది, రాసుకోండి అనేదాన్ని. నాకు మోటార్లు చుట్టే మామ ఎర్తు పాఠం చెప్పడమేమిటని లోపల అనుకున్నాను.

ఆ తర్వాతి ఏడు బావ ఫ్రిజ్జు తెచ్చాడు. పుట్టపర్తిలో ఒక లాడ్జి వాళ్లు పాత సామాను తీసేస్తుంటే, ఆటో బాడుగ మీద అక్కడికి వెళ్లినప్పుడు చూసి, తల్లికి కావాలని బేరమాడి, ఆటోలోనే కట్టుకుని తీసుకొచ్చాడు. వీధంతా వచ్చి చూసింది. మా అత్త దానికి పసుపు కుంకుమ పెట్టి, తలుపు తెరిచి, లోపలి దీపాన్ని చూసి, తలుపు మూస్తే ఆ దీపం ఆరిపోతుందో లేదో ఎలా తెలుస్తుందని మమ్మల్ని ప్రశ్నించింది. ఆ ప్రశ్నకు ఫిజికల్ సైన్సులో జవాబు ఉంది గానీ ఆమెను ఒప్పించలేకపోయాను. దాంట్లో ఆమె పెట్టే సరుకు మజ్జిగ, ఊరుబిండి పచ్చడి, మల్లెపూలు, ఇంకా ఇరుగుపొరుగు పెళ్లిళ్లకు కట్టిన పూలదండలు. దండలు పెట్టడానికి వచ్చిన ప్రతివాళ్లకూ "నా కొడుకు తెచ్చినాడు" అని ఒకసారి చెప్పి గానీ తలుపు తీసేది కాదు. మోటారు దగ్గర ఎక్కడో తీగ పొర చిట్లి, కరెంటు కొంచెం పెట్టె ఇనుప ఒంటికి కారే లోపం ఆ ఫ్రిజ్జులో మొదటినుంచీ ఉండాలి. అది ఎవరికీ తెలియలేదు. కారిందంతా మామ కట్టిన తీగ వెంట పెరట్లోకి, పైపు గుండా భూమిలోకి పోతూ వచ్చింది.

వరుసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టాయి. చెనిక్కాయ చేలు మొలకలోనే మాడాయి, మా పెరటి బోరు చివరికి గాలి కక్కడం మొదలుపెట్టింది. బావ వచ్చి, ఊరి బయట మా చేలో కొత్త బోరు వేయిద్దామన్నాడు. జలం చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగి, ఒక చోట కాయ నిలువునా లేచిందని చూపించాడు. కొత్త పైపులు కొనేకంటే ఎండిన బోరులోవి పెరికి వేద్దామని అందరూ ఒక మాట అనుకున్నారు. మా ప్రాంతంలో ఎవరైనా చేసేది అదే, చచ్చిన బోరు పైపులతోనే కొత్త బోరుకు ప్రాణం పోస్తారు. ఆ రోజు ఆదివారం. బావ ఆటోలో చేనికి బోరు బండి దగ్గరికి వెళ్లాడు. పెరట్లో మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు వేసి, నలుగురు మనుషులు కేసింగు పైపును లాగుతున్నారు. మా అత్త వాళ్లకు మజ్జిగ కలుపుతోంది. పెద్ద మేస్త్రి తల ఎత్తి, "ఏమ్మా, ఈ తీగ అడ్డమొస్తాండాది, ఏంది ఇది?" అని అరిచాడు.

అదేమిటో నాకు తెలుసు. మామ మాటలు కూడా గుర్తున్నాయి. మరిచిపోయానని చెప్పుకునే సుఖం నాకు లేదు. మామ ఆ వారం కూతురి కాన్పుకని ఊళ్లో లేడు. అటు చేలో బండి ఆగి ఉంది, ఇటు ఎండ మాడ్చేస్తోంది, నలుగురు మనుషులు నా వైపు చూస్తున్నారు. "ఎర్తు తీగ అన్నా. మళ్లా కట్టిచ్చుకుంటాంలే, కోసేయండి" అన్నాను. సొరుగులోంచి కటింగు ప్లేయరు తెచ్చి ఇచ్చింది కూడా నేనే. వాళ్లు కోసి పైపు లాగుకున్నారు. కిందపడ్డ తీగ కాళ్లకు తగులుతోందని చక్కగా చుట్టలు చుట్టి, గోడకున్న మేకుకు తగిలించాను. నాకు ఇంట్లో ఏదీ చిందరవందరగా ఉంటే నచ్చదు.

కొత్త బోరులో నీళ్లు పడ్డాయి. ఆ సంతోషంలో వారం గడిచింది. మామ తిరిగి వచ్చాడు, నేను ఆయన అంగడి ముందునుంచే రోజూ స్కూలుకు వెళ్లాను, రేపు చెబుదాం, ఆదివారం చెబుదాం అనుకున్నాను. తర్వాత పరీక్షలు, పేపర్లు. ఈలోగా ఫ్రిజ్జు కొట్టడం మొదలుపెట్టింది. ముట్టుకుంటే వేళ్లలో చిన్న జుమ్ము. పాతది కదా, అలాగే ఉంటుందిలే అంది మా అత్త. బావ ఒకసారి వచ్చినప్పుడు ముట్టుకుని, "కొంచెం తంతాంది మా, చెప్పులేసుకోని ముట్టు" అన్నాడు. అప్పటినుంచి ఫ్రిజ్జు ముందు ఒక జత హవాయి చెప్పులు ఉండేవి. దండ తీసుకోవడానికి ఎవరు వచ్చినా, గుళ్లో విడవాల్సిన చెప్పులు మా ఇంట్లో తొడగాలని వేళాకోళం చేసేవాళ్లు. దేవుడి గూటి ఎదుట చెప్పులేమిటని మా అత్త మాత్రం వాటిని తొడగలేదు. ఒక గోనెసంచి నాలుగు మడతలు వేసి పరిచి, దాని మీద నిలబడి తలుపు తీసేది. బండలు ఎండి ఉండేవి, గోనె ఎండి ఉండేది, ఊరే ఎండి ఉండేది. అలా ఎండి ఉండటం వల్లే మేము బతికి ఉన్నామని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. కరెంటు పాఠం చెప్పిన నాకే తట్టలేదు. నిజానికి తట్టి ఉంటుంది, దాని మీద నేనే ఏదో పని పెట్టుకుని ఉంటాను.

వాన వచ్చింది. మధ్యాహ్నం మొదటి పీరియడ్‌లో మొదలై, రేకుల కప్పు మీద మాట వినపడనంత కురిసింది. పిల్లలు కిటికీల్లోంచి చేతులు చాపారు, హెడ్మాస్టరు వాళ్లను తిట్టబోయి తానే బయటికి వెళ్లి తడిశాడు. తెరిపి ఇచ్చాక నేను చెప్పులకు అంటిన బురదను ఈడ్చుకుంటూ, ఇంటిదాకా నవ్వుకుంటూ వచ్చాను. చూరు కింద బిందెలు, గంగాళం, సంగటి తపేలా, చివరికి మజ్జిగ చెంబు కూడా వరసగా పెట్టి ఉన్నాయి, అన్నీ నిండి పొర్లుతున్నాయి. లోపల ఇల్లంతా కడిగి ఉంది. రెండేళ్లుగా తడిగుడ్డతో తుడుచుకునే ఇంటిని మా అత్త ఆ రోజు బిందెలకు బిందెలు పోసి కడిగింది. బండలు నల్లగా మెరుస్తున్నాయి. గోనెసంచి కూడా ఉతికి పిట్టగోడ మీద ఆరేసింది. "అత్తా" అని పిలుస్తూ వంటింట్లోకి అడుగుపెట్టబోయి ఆగాను.

ఆమె ఫ్రిజ్జు ముందు పడి ఉంది, ఒక చెయ్యి ఇంకా తలుపు పిడి మీద ఉంది. లోపలి దీపం వెలుగుతోంది. నేను ఆమె దగ్గరికి వెళ్లలేదు. తడి నేలను చూశాను, ఆమె ఉత్త కాళ్లను చూశాను, వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్లి మెయిన్ ఆపేశాను. ఆ తర్వాతే వెళ్లి ముట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైపోయిందని, చాలాసేపై ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆమె ఏం తీయడానికి తలుపు తెరిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఊరివాళ్లు మాత్రం నన్ను మెచ్చుకున్నారు. "టీచరమ్మ గాబట్టి ముందు మెయిను ఆపింది. ఇంకోరైతే పోయి పట్టుకోని వాళ్లూ పోతాండ్రి" అన్నారు. పిల్లలకు అదే పాఠంగా చెప్పమని హెడ్మాస్టరు అడిగాడు. నేను చెప్పాను కూడా. కరెంటు పట్టిన మనిషిని ముట్టుకోకూడదు, ముందు మెయిన్ ఆపాలి, వీలుకాకపోతే ఎండిన కర్రతో విడదీయాలి. పిల్లలు రాసుకున్నారు. నా గొంతు కొంచెం కూడా వణకలేదు.

మామ కబురు విన్న వెంటనే వచ్చాడు. జనమంతా ముందరింట్లో ఉన్నారు. ఆయన తిన్నగా పెరట్లోకి వెళ్లాడు, నేను వెనకే వెళ్లాను. బోరు ఉండిన చోట బొక్క మీద ఒక బండ పెట్టి ఉంది. గోడ మేకుకు తీగ చుట్ట వేలాడుతోంది. మామ దాన్ని తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను చెప్పింటి గదమ్మా" అన్నాడు. అంతే. ముందరింట్లో బావ ఏడుస్తూ, నేనే ఆ పెట్టె తెచ్చి మాయమ్మను సంపితి అంటున్నాడు. ఎవరో మామను ఏమైంది అని అడిగారు. ఆయన నా మొహం చూసి, "పాత ఫ్రిజ్జుప్పా. బాడీకి కరెంటు తగిలిండాది" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. పది దినాలయ్యాక వచ్చి, పెరట్లో తానే గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, కొత్త పైపు పాతి తీగ కట్టాడు, కరెంటు కారితే దానంతటదే పడిపోయే ట్రిప్పరు ఒకటి మెయిన్ పక్కన బిగించాడు. పని చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడలేదు. పోయేటప్పుడు "రోజూ నీళ్లు పొయ్యి" అన్నాడు. మూడేళ్లకు ఆయన కూడా పోయాడు.

అప్పటినుంచి నేను ఎవరింటికి వెళ్లినా ముందు ఫ్రిజ్జును వేళ్ల వెనక వైపుతో తాకి చూస్తాను. హ్యాండుబ్యాగులో టెస్టరు ఉంటుంది. చుట్టాల పిల్లలు నన్ను టెస్టరవ్వ అంటారు, వాళ్ల ఇళ్లలో మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టుకున్న ప్లగ్గులను చూసి నేను తిట్టే తిట్లు వాళ్లకు వినోదం. రాత్రుళ్లు మా ఫ్రిజ్జు మోటారు గుర్రుమని మొదలైనప్పుడు, అది ఆగేదాకా లేచి కూర్చుంటాను. వాన పడితే మరీ కష్టం. ఈ జిల్లాలో వాన పడితే ఏడ్చే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇవన్నీ నా బాధలు, నేను పడదగ్గవే. బావది వేరు. ఏటా మా అత్త తిథినాడు కదిరిలో వాళ్లింటికి వెళ్తాను. విస్తళ్లు తీసేశాక ప్రతిసారీ ఆయన గోడకు ఆనుకుని, "నేను ఆ పెట్టె తేకుండా ఉంటే" అంటాడు. ప్రతిసారీ నేను పక్కనే కూర్చుని, నేల మీద పడిన మెతుకులు ఏరుతూ ఉండిపోతూ వచ్చాను. ఆయన ఇంట్లో ఇప్పటికీ ఫ్రిజ్జు లేదు. సోడా తాగాలన్నా అంగడివాడే ఫ్రిజ్జులోంచి తీసి ఇవ్వాలని, ఆయన ఆ తలుపు ముట్టడని వాళ్లావిడ ఒకసారి నాతో నవ్వుతూ చెప్పింది. నేను కూడా నవ్వాను.

పోయిన నెల ఆ పొద్దు వరండాలో కాఫీ గ్లాసు బావ చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పేశాను. మామ హెచ్చరించడం, మేస్త్రి అడగడం, నేను కోసేయమనడం, ప్లేయరు తెచ్చివ్వడం, చుట్ట చుట్టి మేకుకు తగిలించడం, ఏదీ వదల్లేదు. నల్లకళ్లద్దాల వెనక ఆయన కళ్లు నాకు కనబడలేదు. గ్లాసు అలాగే పట్టుకున్నాడు, కాఫీ చల్లారి పైన మీగడ కట్టింది.

"మామకు తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"అంటే ఆ పెట్టె గాదు."

"దాంట్లో లోపముండె బావా. తీగ ఉండింటే ఎవురికీ ఏమీ అయ్యుండదు. కోయమన్నింది నేను."

వీధిలో నీళ్ల ట్యాంకరు వచ్చింది, ఆడవాళ్లు కేకలు వేసుకుని బిందెలు నింపుకున్నారు, ట్యాంకరు వెళ్లిపోయింది. అప్పుడు బావ అన్నాడు: "ఆపొద్దే చెప్పింటే నిన్ను కొట్టింటా మే. కొట్టి, ఏడ్సి, కొన్నాళ్లకు మర్సిపోయింటా. ఇప్పుడు నేనేం జేయల్ల? నా బిడ్డలు ఎండాకాలం సల్లనీళ్లు అడిగితే కొట్టినా. చిన్నోడి చెయ్యి మీద బెల్టు వాత ఇంకా ఉండాది."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గానీ, ఆ మాట ఆయన ముందు పెడితే ఇంకో బరువు నెత్తిన వేసినట్టవుతుందని మూసుకున్నాను. మధ్యాహ్నం కంట్లో చుక్కలు వేసే వేళకు సీసా తీసుకుని వెళ్తే, చెయ్యి చాపి సీసా తీసుకుని తానే వేసుకున్నాడు. రెండు చుక్కలు చెంప మీద పడ్డాయి, మూడోది కంట్లో పడింది. మర్నాడు పొద్దున, డాక్టరు చెప్పిన గడువుకు ఇంకా రెండు రోజులుండగానే, సంచి సర్దుకుని కదిరి బస్సు ఎక్కాడు. నేను బస్టాండు దాకా వెళ్లాను. రావద్దనలేదు, సంచి మాత్రం నన్ను మోయనివ్వలేదు. కిటికీ దగ్గర కూర్చుని, బస్సు కదిలేముందు తలుపు వైపు చూస్తూ, "వచ్చే తిథికి రా. అమ్మకు నువ్వంటే ఇష్టం" అన్నాడు. రమ్మన్నాడని మాత్రమే నేను ఇంటికి తిరిగి రాగలిగాను. మా అత్తకు ఏటా ఒక రోజు ఉంది, ఆ రోజు ఆమెను తలుచుకుని ఏడవడానికి నలుగురం కూర్చుంటాం. నా నోరు మూసుకుని బావ దగ్గర నేను తీసేసుకున్న పదకొండేళ్లకు మాత్రం ఏ తిథీ లేదు.